టైటిల్స్‌లో మా అత్త పేరు పడలేదు

సంపాదకుల వారికి,

వెబ్ సిరీస్‌ల వాళ్లు పాత తెలుగు నవలల కోసం తిరుగుతున్నారని మీ ఆదివారం అనుబంధంలో చదివాను. సంతోషమే. మా ఇంట్లో జరిగిన ముచ్చట ఒకటి వినండి.

మా మేనత్త డెబ్బయ్యో దశకంలో ఒక వారపత్రికకు సీరియల్ రాసింది. మొలకొలుకుల వడ్లు పండే కయ్యలు, కౌలు తగాదాలు, అదీ కథ. మద్రాసు నుంచి నిర్మాత మనిషి "సర్వహక్కులూ శాశ్వతంగా" అని టైపు కొట్టించిన స్టాంపు కాగితంతో దిగాడు. మా తాత కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "తెలుగులోనే ఉంది గదా, సంతకం పెట్టెయ్ అమ్మాయ్" అన్నాడు.

సినిమా కావలికి రాగానే ఇంటిల్లిపాదీ పోయాం. కౌలు వదులుకోవాలా వద్దా అని నవల్లో ఆ విధవరాలు నాలుగు పేజీలు లోలోపలే నలిగిపోతుంది. తెర మీద మాటాపలుకూ లేకుండా గింజలు కొలిచే కుంచం కడిగి గోడవార బోర్లించింది, అంతే. అత్త నా చెయ్యి గిచ్చి, "నాకు తట్టలేదురా ఇది" అంది. మూడొందల పేజీలు రెండున్నర గంటల్లో ఇమడాలంటే కోత తప్పదు, దానికి నేనేమీ అనను. మన యాస పీకేసి, "ఏందబ్బయా" అనాల్సినోడి చేత "ఆయ్" అనిపించినందుకు మాత్రం ఇప్పటికీ మంటే.

అసలు దెబ్బ టైటిల్స్‌లోనే తగిలింది. 'కథ' అన్నచోట నిర్మాత బావమరిది పేరు పడింది.

హక్కులు అమ్ముకున్నా 'ఇది నేను రాసింది' అని చెప్పుకునే హక్కు రచయితదేనని 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ అప్పటికే చెబుతోంది. మాకెవరికి తెలుసు? 1994 సవరణ తర్వాతయితే, ఒప్పందంలో గడువు రాయకుంటే ఐదేళ్లే, ప్రాంతం రాయకుంటే భారతదేశం వరకే. వేరే షరతు లేకుంటే ఏడాదిలోపు వాడుకోని హక్కు రచయితకే తిరిగొస్తుంది. రచయిత పోయాక 60 ఏళ్లు వారసులది. పాత నవల గదా అని ఊరికే తీసుకుపోవడానికి లేదు.

1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' సినిమా మాటొస్తే దానికి మూలమైన కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' గుర్తుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు. 2021లో సినిమా చూశాకే సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం' నవల తెప్పించుకుని చదివాడు మా అల్లుడు. అత్త నవల అలా అడిగినవాడు ఒక్కడూ లేడు.

నెల్లూరు, ప్రకాశం జిల్లా గ్రంథాలయ సంస్థలు తేటతెలుగులో ఒక పేజీ నమూనా ఒప్పందం అచ్చువేసి నోటీసు బోర్డుకు అంటించాలి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, ఆ మాత్రం అడగొచ్చు.

పిల్లల్లేని అత్త హక్కులు మాకే వచ్చాయి. ఆమె రాసిన ఇంకో సీరియల్ కావాలని మొన్న హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ముందు కాగితం పంపండి, అందులో ఆమె పేరు ఎక్కడ, ఎంత అక్షరాల్లో వేస్తారో కూడా రాయండి అన్నాను. ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, కావలి