ఎడమ హెడ్‌లైటు విషయంలో మేము చేసిన పొరపాటు

మా వర్క్‌షాపును నమ్మి బండ్లు ఇస్తున్న అందరికీ నమస్కారం.

గత నెలలో ఒక కారు విషయంలో మేము తప్పు చేశాం. పాడవని భాగాన్ని పాడైందని చెప్పి మార్చాం, డబ్బు తీసుకున్నాం, బాగైందని పంపించాం. తొమ్మిది రోజులకు అదే లైటు రాత్రి వేళ వానలో ఆరిపోయింది. కారు యజమాని ఒక డాక్టరు గారు. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఈ ఘటన తర్వాత మా పని పద్ధతినీ ఛార్జీలనూ మార్చాం కాబట్టి, కారణం మీకు నా నోటి నుంచే తెలియాలి.

అది పదమూడేళ్ల నాటి జర్మన్ స్పోర్ట్స్ కారు. రెండు సీట్లు, మడిచే పైకప్పు. లోపానికి కారణం తయారీ కాదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఎడమ లో బీమ్ (దగ్గరి రోడ్డును చూపే హెడ్‌లైటు) వెలిగిన పది పదిహేను నిమిషాలకు మిణుకుమిణుకుమని ఆరిపోయేది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే వెలిగేది. వాన రోజుల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా ఉందని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. ఆ మాటను జాబ్ కార్డులో రాసుకున్నాం, కానీ పనిలో పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ కార్డు చూస్తే సమాధానంలో సగం అందులోనే ఉంది.

ఆ కారులో ఉన్నవి జెనాన్ దీపాలు. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో రోడ్డెక్కిన రకం. మామూలు బల్బులో లాగా వీటిలో ఫిలమెంట్ ఉండదు. రెండు చిన్న మొనల మధ్య విద్యుత్తు వంతెనలా నిలబడి వెలుగుతుంది. ఆ వంతెన కట్టడానికి మొదట ఇరవై వేల వోల్టులకు పైగా ఒక్క దెబ్బ కావాలి, ఆ తర్వాత 85 వోల్టుల దగ్గర నిలకడగా నడిపించాలి. బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులే. ట్యూబ్‌లైటుకు చోక్ ఎలాగో ఈ దీపానికి బ్యాలస్ట్ అనే చిన్న పెట్టె అలాగ. అయితే దీని లోపల అంతా ఎలక్ట్రానిక్స్. దీపం 35 వాట్లదే అయినా వెలుగు, దాన్ని కొలిచే ల్యూమెన్ల లెక్కలో, 3,200 దాకా ఉంటుంది. 55 వాట్ల హాలోజన్ ఇచ్చేది అందులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. అందుకే అలవాటైన దీపం ఒక పక్క ఆరిపోతే, రోడ్డు సగం మాయమైనట్టే ఉంటుంది.

మొదటిసారి మేము చేసింది ఇది. కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే ‘ఎడమ లో బీమ్ సర్క్యూట్‌లో లోపం’ అని కోడ్ వచ్చింది. ఎడమ దీపాన్ని కుడికి, కుడి దీపాన్ని ఎడమకు మార్చాం. లోపం ఎడమ వైపే నిలిచింది కాబట్టి దీపం మంచిదే. బ్యాలస్ట్ కనెక్టరు ఊడదీసి, వోల్టులు కొలిచే మల్టీమీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది, దీపం బాగుంది, ఇక మిగిలింది బ్యాలస్టే అని తేల్చేశాం. రెండు వైపుల బ్యాలస్ట్‌లనూ తారుమారు చేసి చూసి ఉంటే నిజం ఆ రోజే బయటపడేది. దానికి కుడి చక్రం లోపలి ప్లాస్టిక్ కవరు కూడా విప్పాలి, గంటన్నర పని. ఆ సాయంత్రం మరో రెండు బండ్లు ఇవ్వాల్సి ఉండటంతో ఆ పని వదిలేశాం. నిర్ణయం నాదే. మా కుర్రాళ్ల తప్పు ఇందులో లేదు.

ఆ 12.4 వోల్టుల అంకె మమ్మల్ని ఎలా మోసం చేసిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదే తప్పు చాలా చోట్ల జరుగుతోంది. పాత ఇంట్లో తుప్పు పట్టి లోపల సన్నబడిన నీళ్ల పైపును గుర్తు తెచ్చుకోండి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు పైపులో ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. కుళాయి తిప్పితేనే తెలుస్తుంది, వచ్చేది సన్నటి ధార అని. మల్టీమీటరు దాదాపు కరెంటు తీసుకోదు, అంటే కుళాయి కట్టేసి చూసినట్టు. వైరులో ఒక్క పోగు మిగిలినా అది 12 వోల్టులు చూపిస్తుంది. బ్యాలస్ట్ అలా కాదు. నిలకడగా నడిచేటప్పుడే మూడు ఆంపియర్లకు పైగా లాగుతుంది, వెలిగించే మొదటి క్షణాల్లో దానికి మూడు రెట్లు కూడా లాగవచ్చు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి వారమే నా చేతిలో పెట్టింది మల్టీమీటరు కాదు, రెండు వైర్లు కట్టిన పాత 55 వాట్ల హెడ్‌లైటు బల్బు. ‘బల్బు నిండుగా వెలిగితేనే కరెంటు ఉన్నట్టురా’ అనేవారు. ఆయన మాట నేను మా కుర్రాళ్లకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ సాయంత్రం నేనే పాటించలేదు.

కొత్త బ్యాలస్ట్ వేశాక లైటు వెలిగింది, గంటసేపు ఆరలేదు. బిల్లు రూ. 18,500. తొమ్మిది రోజుల తర్వాత, డాక్టరు గారు డ్యూటీ ముగించుకుని శంషాబాద్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వస్తుండగా జోరు వానలో ఆ లైటు ఆరిపోయింది. ఆవిడ ఒక్క లైటుతో, లారీల మధ్య, నెమ్మదిగా ఇల్లు చేరారు. మర్నాడు ఫోనులో ఆవిడ కోప్పడలేదు. ‘కొత్తది వేశామన్నారు కదండీ, మళ్లీ అదే ఎందుకు పోయింది?’ అని మాత్రమే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఈసారి ముందు బంపరు దించి, హెడ్‌లైటు మొత్తాన్ని బల్ల మీద పెట్టి విప్పాం. వెనక మూత తీయగానే లోపలి నుంచి తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. గాజు కింది అంచున నీటి బొట్లు వరుసగా నిలిచి ఉన్నాయి. బ్యాలస్ట్‌కు వెళ్లే కనెక్టరులో ఎర్త్ పిన్ను (కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి) చుట్టూ ఆకుపచ్చని చిలుము, గోటితో గీకితే పొడిలా రాలింది. పిన్ను పక్కన ప్లాస్టిక్ వేడికి గోధుమ రంగుకు మారి, ఒక మూల కొంచెం కరిగి ఉంది. వైరు పై తొడుగు కోసి చూస్తే రాగి పోగులు రెండు అంగుళాల దాకా నల్లబడి ఉన్నాయి. నీరు పోగుల సందుల్లోంచి దీపపు వత్తిలో నూనెలా పాకుతుంది, పైకి ఏమీ కనిపించదు.

కనెక్టరు తగిలించి, లైటు వెలుగుతుండగా కొలిచాం. ఇంజిను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు. బ్యాలస్ట్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 1.8 వోల్టులు. అక్కడ 0.2 దాటితే చాలు, మేము అనుమానించాలి. అంటే ఆ ఒక్క పిన్ను దగ్గర ఆరు వాట్లకు పైగా వేడిగా పోతోంది. వేడెక్కిన కొద్దీ పిన్ను ఇంకా పాడవుతుంది, బ్యాలస్ట్‌కు అందే వోల్టేజీ తగ్గుతుంది. బ్యాలస్ట్ తన 35 వాట్ల దీపాన్ని ఎలాగైనా నిలబెట్టాలని ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. దాంతో పిన్ను మరింత వేడెక్కుతుంది. ఈ సుడిలో పడి చివరికి తొమ్మిది వోల్టుల ప్రాంతానికి దిగగానే బ్యాలస్ట్ తనను తాను ఆపేసుకుంటుంది. పది పదిహేను నిమిషాల తర్వాతే ఎందుకు ఆరిపోయేదో అప్పుడు అర్థమైంది. పాత బ్యాలస్ట్ ఆరోగ్యంగా ఉండటం వల్లే అలా ఆగింది. దాన్నే మేము చెడిపోయిందని పక్కన పెట్టాం.

మరి కొత్తది తొమ్మిది రోజులు ఎలా నడిచింది? కనెక్టరు తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్ను మీది చిలుము కొంత గీరుకుపోయింది. పైగా ఆ వారమంతా వాన లేదు. తీసి పెట్టడం వల్ల వచ్చిన తాత్కాలిక ఊరటను మేము మరమ్మతు అనుకున్నాం. ఎలక్ట్రికల్ పనిలో ఇంతకంటే ప్రమాదకరమైన భ్రమ లేదని నా నమ్మకం.

ఇంకో విషయం కూడా దాచను. వెనక మూత రబ్బరు ఒక చోట మెలి తిరిగి ఉంది. దీపాలు మార్చి చూసిన రోజు మూత బిగించింది మేమే. నీరు లోపలికి రావడం అంతకు ముందే మొదలైంది, చిలుము పాతదే. కానీ ఆ రాత్రి వానకు దారి ఇచ్చింది మా బిగింపే.

మరమ్మతు పెద్దదేమీ కాదు. మెరిసే రాగి తగిలే దాకా వైరు వెనక్కి కోసి, కొత్త వైరు ముక్క, కొత్త పిన్ను, కొత్త కనెక్టరు గూడు వేశాం. పిన్నును టంకంతో అతికించకుండా సరైన పనిముట్టుతో నొక్కి బిగించాం. కదిలే బండిలో టంకం అంచు దగ్గర వైరు బిరుసెక్కి తెగుతుంది. పైన లోపలి జిగురు ఉన్న తొడుగును వేడి చేసి ముడుచుకునేలా చేశాం. దీపం గూటిని ఒక రాత్రంతా గోరువెచ్చని గాలిలో ఆరబెట్టి, గాలి ఆడే రంధ్రాలు శుభ్రం చేసి, మూతకు కొత్త రబ్బరు వేశాం. పాత బ్యాలస్ట్‌నే తిరిగి పెట్టాం. ఇప్పుడు ఆ ఎర్త్ దగ్గర చూపిస్తున్నది 0.06 వోల్టులు. మూడు సాయంత్రాలు నలభై నిమిషాల చొప్పున వెలిగించి, పైన నీళ్లు చల్లి చూశాకే కారు ఇచ్చాం. రూ. 18,500 మొత్తం తిరిగి ఇచ్చాం. రెండోసారి చేసిన పనికి ఏమీ తీసుకోలేదు.

ఆ తర్వాత రెండేళ్ల బిల్లు పుస్తకాలు తిరగేశాను. మేము బ్యాలస్ట్ గానీ, హెడ్‌లైటు కంట్రోల్ మాడ్యూల్ (లైట్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) గానీ మార్చిన బండ్లు పదకొండు. అందరికీ ఫోన్ చేశాను. ఇప్పటికి నలుగురు వచ్చారు. ముగ్గురివి నిజంగా పాడైన భాగాలే. ఒకరి కారులో మళ్లీ ఎర్త్ దగ్గర 0.9 వోల్టులు కనిపించాయి. దాన్ని సరిచేసి, ఆయన డబ్బూ తిరిగి ఇచ్చాం. మిగతా ఏడుగురిలో మీరు ఉంటే, దయచేసి ఈ వర్షాకాలం ముగిసేలోపు ఒక పూట బండి తీసుకురండి. పరీక్ష ఉచితం.

ఇక నుంచి హెడ్‌లైటు పనికి బండి కనీసం ఒక రాత్రి మా దగ్గర ఉండాలి. పరీక్షకు విడిగా రూ. 2,500 తీసుకుంటాం. ఇది కొందరికి నచ్చదని తెలుసు. ఇంతకాలం పరీక్ష ఉచితమని చెప్పి, ఆ ఖర్చును భాగాలు అమ్మి రాబట్టుకున్నాం. ఆ లెక్కే మమ్మల్ని భాగం మార్చే వైపు తోసింది. ఇకపై లైటు వెలుగుతుండగా కొలిచిన అంకెలు, మరమ్మతుకు ముందూ తర్వాతా, ఒక కాగితం మీద రాసి ఇస్తాం. రెండు వైపుల భాగాలూ తారుమారు చేసి చూడకుండా కొత్తది తెప్పించం. తీసిన పాత భాగాన్ని మీ చేతికే ఇస్తాం. జెనాన్ దీపాన్ని మాత్రం మీరు అడిగితే తప్ప ఇవ్వం, డి1ఎస్ రకంలో పాదరసం ఉంటుంది, పగిలితే ఇంట్లో ప్రమాదం. అలాగే డి1ఎస్ దీపం ఉన్న చోట డి3ఎస్ వేయమని అడగకండి. చూడటానికి కవలల్లా ఉన్నా ఒకటి 85 వోల్టులది, మరొకటి 42 వోల్టులది.

పాత బండ్ల పునఃపరీక్ష వల్ల వచ్చే నెల 10వ తేదీ దాకా కొత్త హెడ్‌లైటు పనులు తీసుకోలేం. ఇప్పటికే వరుసలో ఉన్న ఇద్దరికీ ఆలస్యమవుతోంది, క్షమించాలి.

బండి తెచ్చే ముందు ఒక చిన్న సాయం చేయండి. లైటు ఆరిపోయినప్పుడల్లా ఎంతసేపు వెలిగాక ఆరింది, వాన పడుతోందా, అంతకు ముందు రోజు బండి కడిగించారా, ఎడమా కుడా అన్నది ఫోనులో రాసి పెట్టుకోండి. ఆ వివరాలను ఈసారి స్కానర్ కంటే ముందు చదువుతాం.