టెక్సాస్ తుపాకీ చట్టంలో సగమే చెబుతున్నారు

సంపాదకులకు నమస్కారం.

'టెక్సాస్‌లో తుపాకీకి లైసెన్సే అక్కర్లేదట' అని ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలు తేలిగ్గా అనేస్తున్నారు. 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించనివారు లైసెన్సు లేకుండా పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు, నిజమే. మెలిక ఆ 'నిషేధించనివారు' దగ్గరే ఉంది. ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి ఫెడరల్ చట్టం, అంటే అమెరికా అంతటికీ వర్తించే కేంద్ర చట్టం, అడ్డు. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ గానీ తూటా గానీ దగ్గరుంటేనే నేరం. 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. గ్రీన్‌కార్డు వస్తే ఈ అడ్డంకి ఉండదు.

అర్హత ఉన్నవారు లైసెన్సు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. క్లాసు, రాతపరీక్ష, గురి పరీక్ష, వేలిముద్రలు ఉంటాయి. కొన్ని ఇతర రాష్ట్రాల్లోనూ అది చెల్లుతుంది. న్యూయార్క్‌లో మాత్రం చెల్లదు. అక్కడ వాళ్ల లైసెన్సుకే 18 గంటల శిక్షణ, మన నడవడి గురించి చెప్పే నలుగురి పేర్లు కావాలి.

తెలుగు సంఘాలు కొత్త విద్యార్థులకు పెట్టే అవగాహన సభల్లో బ్యాంకు ఖాతా, సిమ్ కార్డులతో పాటు ఈ విషయమూ చెప్పాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్