మంచినీటి చేపకు నీళ్లలో మందా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో చేపల పెంపకం మీద వ్యాసం వేశారు. 'చేప నోటి దగ్గర తెల్లని బూజు కనిపిస్తే టెట్రాసైక్లిన్ గొట్టం మాత్ర విప్పి తొట్టిలో కలపండి' అన్న వాక్యం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండేళ్ల క్రితం నేను చేసిన పని అచ్చంగా అదే.

మనవరాలి కోసం ఆరు నల్ల మోలీ చేపలు కొన్నాను. మే నెల, తొట్టి నీళ్లు 32 డిగ్రీలు. ఒకదాని పెదవుల చుట్టూ దూది అంటుకున్నట్టు తెల్లగా కనిపించింది. మర్నాటికి వీపు మీద గుర్రానికి జీను వేసినట్టు బూడిదరంగు పట్టీ. చేపలు అమ్మినతను బూజన్నాడు, నేనూ నమ్మాను. నిజానికి అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. నీళ్లు వేడెక్కేకొద్దీ చెలరేగుతుంది. తెల్లచుక్కల జబ్బుకు పనికొచ్చే హీటరు చిట్కా దీనికి వాడితే అగ్నికి ఆజ్యమే.

మందుల షాపులో డాక్టరు చీటీ అడగకుండానే ఆరు మాత్రలు ఇచ్చారు. పసుప్పచ్చ పొడి నీళ్లలో కలిపాను. కొన్ని గంటల్లోనే నీళ్లు టీ రంగుకు తిరిగాయి, పైన నురగ. మూడో రోజుకు నాలుగు చేపలు పోయాయి.

ముప్పయ్యేళ్లు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి, నాకే తట్టలేదు చూడండి. టెట్రాసైక్లిన్ పాలతో వేసుకోవద్దనేది పాలలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుందనే కదా! మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నం పొర కడుతుంది. అలాంటి నీళ్లలో వేసిన మందు ఎంత మిగులుతుంది? పైగా మంచినీటి చేప నీళ్లు తాగడం చాలా తక్కువ, కాబట్టి నీళ్లలో కలిపిన మందు కడుపులోకి పెద్దగా పోదు. దాని ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలోకంటే ఎక్కువ కాబట్టి మొప్పల గుండా నీళ్లే లోపలికి చొరబడుతుంటాయి, వాటిని మూత్రపిండాలు ఎప్పటికప్పుడు తోడిపోస్తుంటాయి. ఆ తోడటం ఆగితే పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకుంటాయి. లోపలి జబ్బుకు మందు మేతలో కలిపి ఇవ్వాలి, అదీ చేప ఇంకా తింటున్నప్పుడే. ఏ మందు, ఎంత అన్నది తెలిసినవారు చూసి చెప్పాలి.

అసలు తప్పు అంతకు వారం ముందే జరిగింది. ఫిల్టరు స్పాంజి నల్లగా ఉందని మునిసిపల్ కుళాయి కింద తెల్లబడేదాకా పిండి కడిగాను. అందులో ఉన్నది ఉత్త మురికి కాదు, చేపలు వదిలే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కాపురం. క్లోరిన్ నీళ్లు దాన్ని కూల్చేశాయి. అమ్మోనియాకు మొప్పలు కమిలిన చేపలను జబ్బు సులువుగా పట్టుకుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లతోనే స్పాంజిని రెండుసార్లు పిండి వదిలేసి ఉంటే సరిపోయేది.

మిగిలిన రెండింటినీ టబ్బులోకి మార్చాను. రోజూ మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి పోశాను, గాలి పంపు పెట్టాను, లీటరుకు రెండు గ్రాముల కల్లుప్పు వేశాను. (మోలీలు ఉప్పుకు ఓర్చుకుంటాయి, అన్ని చేపలూ ఓర్చుకోవు.) ఒకటి బతికింది. ముందే ఆ పని చేసి ఉంటే ఇంకెన్ని బతికేవోనని మనవరాలు అడిగింది. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను.

ఇంకో మాట. ఆ టీ రంగు నీళ్లను నేను వీధి కాల్వలో పోశాను. రొయ్యల చెరువుల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు నిషేధం. అవశేషాలు దొరికితే విదేశాలు సరుకు తిప్పి పంపుతాయని మన జిల్లాల్లో రైతులందరికీ తెలుసు. ముందుగది తొట్టిలో మందు పోసే నాలాంటివాళ్లను మాత్రం అడిగేవారు లేరు.

ముత్తుకూరు మత్స్య కళాశాల అధ్యాపకులలో ఎవరి చేతనైనా ఈ జబ్బుల మీద ఒక పేజీ రాయించండి. ఆలోగా ఆ ఒక్క వాక్యానికి సవరణ వేయండి. వ్యాసంలో మిగతాది బాగుంది. గాజు మీది నాచు గీకడానికి పాత ఏటీఎం కార్డు వాడమన్నారు, నేనూ అదే వాడుతున్నాను.

ఇట్లు
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు