రూపాయి లెక్కలో తగ్గింది, టన్నుల లెక్కలో పెరిగింది

బిడ్డా,

నీ ప్రాజెక్టు రిపోర్టు మొత్తం చదివాను. "దేశం ఎదుగుతున్నా కర్బన ఉద్గారాలు తగ్గుతున్నాయి" అని రాశావే, అక్కడ ఆగిపోయాను. మన దేశంలో ఇంకా ఆ రోజు రాలేదు.

నువ్వు వేసిన గ్రాఫ్ తప్పు కాదు. 2005 నుంచి 2020 లోపు జీడీపీలో రూపాయికి ఇంత అని లెక్కేస్తే ఉద్గారాలు 36 శాతం తగ్గాయని మన ప్రభుత్వమే ఐక్యరాజ్యసమితికి చెప్పింది. అదే పదిహేనేళ్లలో బొగ్గు, చమురు, గ్యాస్ మండించడం వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం సుమారు రెట్టింపయింది. రెండూ నిజమే. ఆర్థిక వ్యవస్థ ఏటా 7 శాతం పెరుగుతూ, రూపాయికి వచ్చే పొగ 3 శాతమే తగ్గితే, మొత్తం పొగ ఏటా 4 శాతం దాకా పెరుగుతుంది కదా. గాలిలో చేరేవి ఆ టన్నులే.

ఆ టన్నులు ఇక్కడ రామగుండం థర్మల్ ప్లాంటులో మా కళ్లముందే పుడతాయి. కరెంటు పుట్టించే 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి ఫుల్ లోడ్ మీద ఉంటే గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు మింగుతుంది. అందులో మూడో వంతు దాకా బూడిదే, దాన్ని పంపించడం మళ్లీ ఇంకో పని. ఎండాకాలం సాయంత్రం జనం ఇళ్లకు చేరి ఏసీలు వేసుకున్నారంటే కంట్రోల్ రూమ్‌లో టెన్షన్ మొదలైనట్టే. ఒకప్పుడు మన క్వార్టర్స్‌లో కూలర్ ఉన్న ఇల్లే గొప్ప. ఏసీ వేసుకున్నారని నేను ఎవరినీ తప్పు పట్టను. మే నెలలో గోదావరిఖనిలో ఒక్క రాత్రి పడుకున్నవాడెవడూ పట్టడు.

బ్రిటన్ సంగతి రాశావు, మంచిదే. 1990తో పోలిస్తే అక్కడ ఉద్గారాలు దాదాపు సగమయ్యాయి, సంపద మాత్రం బాగా పెరిగింది. చివరి బొగ్గు ప్లాంటు రాట్‌క్లిఫ్ 2024 సెప్టెంబరులో మూతపడింది. వాళ్లు ముందు గ్యాస్‌కు, తర్వాత గాలిమరలకు మారారు. ఫ్యాక్టరీలు కూడా చాలా బయటి దేశాలకు తరలాయి, వాటి పొగ ఆ దేశాల ఖాతాలో పడుతోంది. దిగుమతులు కలిపి చూసినా తగ్గుదల ఉంది గానీ, అంత లేదు.

మనం మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలితే అమెరికా వాళ్లు 14 టన్నులకు పైనే. అలాంటప్పుడు మనల్ని వాడకం తగ్గించుకోమనడం ఏం న్యాయం? యూనిట్ కరెంటు దేనితో పుడుతుందో అది మారాలి. మా రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ 2022 నుంచి నడుస్తోంది. మధ్యాహ్నం దానికి తిరుగులేదు, రాత్రి ఎనిమిదింటికి సున్నా. ఆంధ్రాలోని పిన్నాపురంలో లాగా పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలే ప్రాజెక్టులు ఇంకా చాలా రావాలి. అవి వచ్చేదాకా సాయంత్రం భారం చాలావరకు బొగ్గు మీదే.

ఆ వాక్యం మార్చు. రూపాయి గ్రాఫ్ పక్కనే టన్నుల గ్రాఫ్ కూడా పెట్టు. ఒక పేజీ మిగిలితే సింగరేణి బొగ్గు గనుల గురించి రాయి. బొగ్గు తగ్గితే ఇక్కడ ఎవరెవరి జీతాలు ఆగుతాయో మీ సార్‌కు కూడా తెలియాలి. శుక్రవారం ఇవ్వాలన్నావు కదా, గురువారం రాత్రికి పంపితే ఇంకోసారి చూస్తాను.

నీ బాపు