బలిపశువు ఆ మేక కాదు

సంపాదకులకు,

వార్తా ఏజెన్సీలు పంపే ఇంగ్లిష్ కాపీలో బైబిలు మాట వస్తే మన పత్రికల డెస్కులు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తున్నాయి. ఇంగ్లిష్ ఉచ్చారణనే తెలుగు లిపిలోకి దించేస్తాయి, లేదా చేతికందిన తెలుగు పదం అతికిస్తాయి. తెలుగు బైబిల్లో ఆ మాట ఎలా ఉందో తీసి చూస్తే ఈ తప్పుల్లో సగం పోతాయి.

ఎక్కువగా కనబడేది ‘స్కేప్‌గోట్’. కింది ఉద్యోగి మీద వేటు వేసి పైవాళ్లు తప్పించుకుంటే శీర్షికలో ‘బలిపశువు’ అని పెడతారు. లేవీయకాండం 16వ అధ్యాయం చూడండి. ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలను తెచ్చి చీట్లు వేస్తారు. ఒకటి యెహోవా వంతు. దాన్ని వధించి, రక్తాన్ని గుడారంలోని అడ్డతెర లోపలికి తీసుకెళ్లి కరుణాపీఠం (మందసపు మూత) మీద చిలకరిస్తారు. రెండోదాన్ని చంపరు. ప్రధాన యాజకుడు దాని తల మీద రెండు చేతులూ ఉంచి, జనం పాపాలన్నీ ఒప్పుకొని, ఒక మనిషికి అప్పగించి అడవిలోకి తోలిస్తాడు. హీబ్రూలో దీని చీటీ మీది మాట ‘అజాజేలు’. దాన్ని ‘వెళ్లిపోయే మేక’ అని అర్థం చేసుకొని 1530లో బైబిలు అనువాదకుడు విలియం టిండేల్ ఇంగ్లిష్‌లో ‘స్కేప్‌గోట్’ అనే మాట పుట్టించాడు. మన తెలుగు బైబిలూ ‘విడిచిపెట్టే’ అనే అర్థమే తీసుకుంది. అంటే బలిపశువు మొదటి మేక, స్కేప్‌గోట్ రెండోది. మనం సరిగ్గా తప్పు మేకను పట్టుకున్నాం! తెలుగులో ‘నింద ఇంకొకరి నెత్తిన రుద్దారు’ అంటే చాలు, ఏ మేకా అక్కర్లేదు.

‘లూసిఫర్’ సాతానుకు బైబిలు పెట్టిన పేరని రాస్తుంటారు. తెలుగు బైబిల్లో ఆ పేరే లేదు. యెషయా 14:12లో ఉన్నది ‘తేజోనక్షత్రమా, వేకువచుక్కా’ అనే పిలుపు. అది బబులోను రాజును ఎత్తిపొడిచే పాట. లాటిన్‌లో లూసిఫర్ అంటే వెలుగు తెచ్చేది, తెల్లవారుజామున కనిపించే శుక్రుడు. తర్వాతి క్రైస్తవ రచయితలు ఆ వచనాన్ని సాతాను పతనానికి అన్వయించడంతో అది వాడి పేరుగా స్థిరపడింది.

తెలుగు బైబిలు చూసినా తికమక తప్పని చోటు ఒకటుంది. ‘లెవియాతాన్’ను మన అనువాదకులు ‘మకరం’ అన్నారు. యోబు 41లో మకరాన్ని గాలం వేసి లాగగలవా అని దేవుడు అడిగితే మొసలి అనుకొని సరిపెట్టుకోవచ్చు. కానీ కీర్తన 74:14లో దేవుడు దాని ‘శిరస్సులను’ ముక్కలు చేశాడని బహువచనం వస్తుంది. మొసలికి ఎన్ని తలలు? జవాబు సిరియా తీరంలోని ఉగారిట్ శిథిలాల్లో ఉంది. అక్కడ 1929లో మొదలైన తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల్లో లోతాన్ అనే ఏడు తలల సర్పం ఉంది. కనాను ప్రాంతపు పాత సముద్ర సర్పం కథ కీర్తనలో వినిపిస్తోందన్నమాట. ఇలాంటి చోట ‘లెవియాతాన్ అనే సముద్ర సర్పం’ అని రాయడమే మేలు. యూదుల ముద్రణల్లో యోబు 41:1 అన్నది 40:25గా ఉంటుంది, అంకె కలవలేదని వచనాన్నే తీసేయకండి.

‘అపోకలిప్స్’ అంటే ప్రళయం కాదు, గ్రీకులో తెర తీయడం. అందుకే తెలుగు బైబిల్లో ఆ చివరి గ్రంథం పేరు ప్రకటన. ‘ఆర్మగెడ్డాన్’ యుద్ధం పేరు కాదు, ప్రకటన 16:16లోని హార్‌మెగిద్దోను అనే చోటు. హార్ అంటే కొండ.

డిసెంబరు 8న కథోలికులు జరుపుకొనే అమలోద్భవి మాత పండుగను యేసు కన్యగర్భంలో పడిన రోజుగా రాయడం మరో పొరపాటు. అలాగైతే పదిహేడు రోజుల్లో క్రిస్మస్ రావాలి! ఆ పండుగ మరియమ్మ తన తల్లి కడుపులో జన్మపాపం అంటకుండా పడిందన్న విశ్వాసానిది. 1854లో పోప్ తొమ్మిదో పయస్ దాన్ని సిద్ధాంతంగా ప్రకటించారు. తొమ్మిది నెలలు లెక్కిస్తే సెప్టెంబరు 8, మరియమ్మ పుట్టినరోజు. యేసు విషయంలో ఆ లెక్క మార్చి 25తో, అంటే దేవదూత మరియమ్మకు కబురు చెప్పిన మంగళవార్త పండుగతో మొదలవుతుంది.

స్థానిక వార్తల్లో ‘పాస్టర్ దివ్యబలిపూజ చేశారు’ అని వస్తుంటుంది. పాస్టర్ ప్రొటెస్టెంట్ల మాట. దివ్యబలిపూజ (మాస్), విచారణ గురువు (పారిష్ ప్రీస్ట్), మేత్రాసనం (డయోసిస్) కథోలికుల మాటలు. విజయవాడ గుణదల మేరీమాత చర్చి వార్తకు సరిపోతాయి. మెదక్ కెథడ్రల్ సీఎస్ఐది, అంటే ప్రొటెస్టెంట్ సంఘమైన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాది. అక్కడ ఆరాధన, ప్రభురాత్రి భోజనం అనాలి. డెస్కులో రెండు బైబిళ్లూ ఉండాలి: ప్రొటెస్టెంట్లది 66 పుస్తకాలు, కథోలికులది 73. మక్కబీయుల గ్రంథం మొదటిదానిలో ఎంత వెతికినా దొరకదు. ఐజయా, జోబ్, జాన్ అని రాసేముందు విషయసూచిక తిరగేస్తే యెషయా, యోబు, యోహాను కనిపిస్తారు.

ఇక ‘గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు’ ప్రకటనలు. అది సిలువ మరణాన్ని తలుచుకొని ఉపవాసం ఉండే రోజు. ఇక్కడ ‘గుడ్’ అంటే పవిత్రం అన్న పాత అర్థం. శుభాకాంక్షలు రెండు రోజులు ఆపి ఈస్టర్ ఆదివారం సంచికలో వేయండి.

- ఒక పాఠకుడు, గుంటూరు