రెండు రొట్టెలు, ఒకే యూనివర్సిటీ

కావలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ నెమలీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, మేడ మీద గది ఇసుక దగ్గర ఆగిపోయింది, చిన్నవాడికి ముందు పళ్లు రెండూ ఊడాయి. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఫోనులో చెబుదామనుకున్నాను కానీ నువ్వు సగంలోనే నవ్వేసి "తర్వాత?" అంటావు. ఈసారి ఆ తర్వాత సంగతి నోటితో చెప్పడం నా వల్ల కాదు.

మా అక్క కూతురికి సీటు వచ్చింది. ఎక్కడో ఊహించు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే! ఎమ్మే ఎకనమిక్స్. ఇప్పుడు మన రోజుల్లోలా వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష కాదు, దేశమంతటికీ కలిపి సీయూఈటీ అట. పిల్ల ఎగిరి గంతేసింది, అక్క మంచమెక్కింది. అక్క వాదనలోనూ న్యాయం ఉంది. విక్రమ సింహపురి యూనివర్సిటీ కాకుటూరులో ఉంది, దాని పీజీ సెంటరు మా కావలిలోనే ఉంది. మన కాలంలో అది తిరుపతి ఎస్వీయూ కింద ఉండేది, గుర్తుందా? 2008లో నెల్లూరుకు సొంత విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి వెళ్లింది. "మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం తిని వెళ్లేంత దూరంలో చదువు పెట్టుకుని, ఆ అడవిలోకి ఎందుకు?" అని అక్క గోల. అడవి అన్న మాట మాత్రం నా పుణ్యమే. 2,300 ఎకరాలని, నెమళ్లని, హాస్టలు వెనక పాములని ఇన్నేళ్లూ ఊదరగొట్టింది నేనే కదా.

అక్కకు ఏదీ తేలకపోతే దేవుడి మీద వేస్తుంది. నెల్లూరులో రొట్టెల పండుగ నడుస్తోంది, వెళ్లి చదువు రొట్టె పట్టుకుంటే దారి అదే తెలుస్తుందంది. నన్ను తోడు పంపింది.

నువ్వు ఎప్పుడూ రాలేదు కాబట్టి చెబుతున్నాను. బారా షహీద్ దర్గా పక్కనే స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవాళ్లు అడిగి తీసుకుంటారు. తీసుకున్నవాళ్ల కోరిక తీరితే మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. నీళ్లలో బోర్డులు పెడతారు: ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. ఉద్యోగ రొట్టె దగ్గర తొక్కిసలాటలా ఉంది. సంతాన రొట్టె దగ్గర ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మేము మోకాలి లోతు నీళ్లలో, నెత్తిన తుండుగుడ్డలతో చదువు బోర్డు కిందికి చేరాం.

ముందు ఒకావిడ కనబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి, కళ్లద్దాలు, చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. పీహెచ్‌డీ వచ్చింది, అందుకు రొట్టె తెచ్చింది. ఎక్కడమ్మా అంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అంది! ఆ వెంటనే ఏమందో తెలుసా? "1974లో అబిడ్స్‌లో సరోజినీ నాయుడు గారి ఇంట్లో మొదలైంది, తెలుసా?" ఒరేయ్, నువ్వే చీర కట్టుకుని వచ్చావనుకున్నాను. కొత్తగా చేరిన ప్రతివాడినీ టీకి కూర్చోబెట్టి నువ్వు విప్పే మొదటి వాక్యం అదే కదా. సాంబారు శాస్త్రి ఉంటే అక్కడే లేచి వెళ్లిపోయేవాడు.

ఆవిడ పొగడ్త మొదలుపెట్టింది. ఎవరూ చేయి పట్టుకుని నడిపించరట, అదే దాని గొప్పట. మూడు ఇంటర్నల్ పరీక్షల్లో మంచివి రెండే లెక్కలోకి వస్తాయి, ఒకటి పోయినా ఎవరూ ఉరి తీయరు. లైబ్రరీలో పక్క కుర్చీలో ఒక ఒరియా అమ్మాయి, ఇటు పక్క మలయాళీ, ఎదురుగా మణిపూర్ పిల్ల. చదువు సగం పుస్తకాల్లో, సగం వాళ్ల దగ్గర. రాత్రి రెండింటికి కూడా టీ దొరుకుతుంది.

"ఆ టీ తాగడానికి తోడెవరు?"

వెనక నుంచి వచ్చింది మాట. తిరిగి చూస్తే ఇంకొకావిడ. కొంచెం పెద్దది, చేతిలో ఆమెకూ రొట్టె. కొడుకుకు ఇంజినీరింగ్ సీటు వచ్చిందని తెచ్చిందట, ఒంగోలు దగ్గర బడిలో పంతులమ్మ. "నేనూ అక్కడే చదివానమ్మా. ఒక్క సెమిస్టరు."

అంతే, మొదలైంది. ఎవరూ చేయి పట్టుకోరని పీహెచ్‌డీ ఆవిడ గొప్పగా అంటే, ఎవరూ చేయి పట్టుకోరనే పంతులమ్మ కూడా అంటుంది! పలకడంలోనే తేడా. మొదటావిడకు ఓనం నాడు మలయాళీలు ఆకేసి అన్నం పెట్టారు. పంతులమ్మ ఆ రోజు హాస్టలు గదిలో కూర్చుని పాటలు విన్నది. "తప్పు ఎవరిదీ అనను," అంది పంతులమ్మ. "పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీ. అయిదింటికి గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గంట కొడితే పడుకోవడం. అక్కడ గంట లేదు. ఎప్పుడు లేవాలో నాకు తెలియలేదు."

ఒరేయ్, ఆ మాటకు నాకు నీళ్లలో కాళ్లు చల్లబడ్డాయి.

వెనక జనం అరుస్తున్నారు, రొట్టె ఇచ్చి జరగండమ్మా అని. ఒక ముసలాయన "రెండూ తీసుకో తల్లీ, పోయేదేముంది" అని తీర్పు కూడా చెప్పాడు. పీహెచ్‌డీ ఆవిడ రొట్టె అంచు తడిసి మెత్తబడి చేతిలోనే విరుగుతోంది, ఆవిడ చూసుకోవడం లేదు. మా పిల్ల మాత్రం పంతులమ్మనే అడిగింది: "మరి మీరు ఎలా ఆపేశారు?"

"దీపావళికి ఇంటికి వచ్చాను. తిరిగి రైలెక్కలేదు. అంతే."

నాది సంక్రాంతి. అదొక్కటే తేడా. 2002 జనవరి. మా ఇంట్లో ఇప్పటికీ నాన్న ఆరోగ్యం బాగోలేక ఎంఫిల్ ఆపేశానని నమ్ముతున్నారు. నాన్నకు ఆ ఏడు జలుబు కూడా చేయలేదు. నీకొక్కడికే తెలుసు. నువ్వు ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు, మెస్ బిల్లు కట్టేసి ఊరుకున్నావు. అది మంచితనమా, లేక నువ్వు కూడా... సరే, వదిలేయ్. నువ్వు లైబ్రరీ, నేను టీ కొట్టు అని అందరూ అనేవాళ్లు. టీ కొట్టులో అంతమంది మధ్య కూర్చున్నవాడికి గదికి వెళ్లాలంటే భయమని ఎవరనుకుంటారు? ఇప్పుడు ఎంఫిల్ అనే కోర్సునే ఎత్తేశారట. వెళ్లి పూర్తి చేద్దామన్నా లేదు, హాయి.

మా పిల్ల ఏం చేసిందో చెప్పలేదు కదూ. పంతులమ్మ రొట్టె తీసుకుంది. తీసుకుని, నీళ్లలోనే ముక్క నోట్లో వేసుకుని, "నేను హైదరాబాదే వెళ్తాను" అంది. నాకు అర్థం కాలేదు. పీహెచ్‌డీ ఆవిడ ముఖం చిన్నబోయింది, పాపం. బస్సులో అడిగాను. "ఆవిడకు ఏది కష్టమో తెలుసు మామయ్యా. ఇంకొకావిడకు అన్నీ వాటంతటవే అయిపోయాయి," అంది. తర్వాత, అల్లూరు రోడ్డు దాటాక, "నువ్వు నిజంగా తాతయ్య కోసమే ఆపేశావా?" అంది.

మలై కాజా పొట్లం విప్పి చేతిలో పెట్టాను. తిన్నది. ఇంకేమీ అడగలేదు. అదే నన్ను నమిలేస్తోంది. వెళ్లేలోగా చెప్పాలా? చెబితే భయపడుతుందా, చెప్పకపోతే రేపు సంక్రాంతికి వచ్చి ఇదీ రైలెక్కకపోతే?

వచ్చే నెల మొదటి వారంలో నారాయణాద్రికి వస్తుంది. మనలాగా సికింద్రాబాద్‌లో దిగి బస్సులు మారే పని లేదు, అది ఇప్పుడు లింగంపల్లి దాకా వెళ్తుంది. మీ ఇల్లు అక్కడికి దగ్గరే కదా. నెలకొక ఆదివారం అన్నానికి పిలవరా. సరోజినీ నాయుడు కథ మాత్రం చెప్పకు, విన్నది. చదువు గురించి అడగకు. ఎవరితో టీ తాగుతున్నావని అడుగు. పేర్లు చెబితే సరే. "ఎవరో ఒకరితో" అంటే నాకు ఫోను చెయ్, ఆ రాత్రే బయలుదేరి వస్తాను.

మరిచిపోయాను, నా ట్రంకు పెట్టె నీ దగ్గర ఇంకా ఉందా? అటక దులుపుతుంటే దాని తాళంచెవి దొరికింది. లోపల ఏముందో నాకే గుర్తు లేదు, ఆకుపచ్చ స్వెటరు, సగం రాసిన ఆ... అదిగో, అక్క వచ్చింది, కేకలు వినబడుతున్నాయి. పిల్ల ఇప్పుడే చెప్పినట్టుంది. వెళ్లాలి. తాళంచెవి దాని చేతికిచ్చి పంపిస్తాను.

నీ,
మూడో బెంచీ