డ్రైవ్ పాడవలేదు, మార్చకండి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను నారాయణగూడలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. నాలుగు సిస్టమ్స్‌లో ఒక్కదానికే సీడీ రైటర్ ఉంది. లాయర్ల దగ్గర పనిచేసే గుమాస్తాలు కోర్టులో వేయాల్సిన ఆడియో, వీడియో సీడీల కోసం పొద్దున్నే వస్తారు, పదిన్నర లోపు ఇవ్వకపోతే వాళ్లకూ నాకూ టెన్షనే.

అందుకని ఆ డ్రైవ్‌ను నెట్‌వర్క్‌లో షేర్ చేశాను. మిగతా సిస్టమ్స్ నుంచి పాత సీడీలు చక్కగా తెరుచుకుంటున్నాయి గానీ, ఖాళీ సీడీ పెట్టి రైట్ చేద్దామంటే సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్ పేరే కనిపించదు. వచ్చిన మెకానిక్ డ్రైవ్ పోయిందన్నాడు, మార్చాం, మళ్లీ అదే కథ. ఇంకోటి నేనే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి కొనుక్కొచ్చాను. మూడు డ్రైవ్‌లూ బాగానే ఉన్నాయని తర్వాత తేలింది, డబ్బు పోయినందుకు కంటే ఎవరూ అసలు కారణం చెప్పనందుకే బాధేసింది.

విండోస్‌లో డ్రైవ్ షేర్ చేస్తే అవతలికి అందేది అందులోని ఫైళ్లు మాత్రమే. రైట్ చేయాలంటే లేజర్ పవర్ ఎంత, వేగం ఎంత, సెషన్ (ఒక విడత రైటింగ్) ఎప్పుడు మూయాలి అని సాఫ్ట్‌వేర్ నేరుగా డ్రైవ్‌కే ఆదేశాలివ్వాలి, అవి షేరింగ్ దారిలో వెళ్లవు. ఫుల్ కంట్రోల్ పర్మిషన్ ఇచ్చినా అంతే.

ఇప్పుడు రైటర్ ఉన్న సిస్టమ్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి, ఫైళ్లు ముందు అందులోకి కాపీ చేసి, అక్కడే రైట్ చేస్తున్నాం. 52ఎక్స్ వేగానికి సెకనుకు దాదాపు 7.8 ఎంబీ డేటా ఆగకుండా అందాలి, మధ్యలో వైఫై తడబడితే సీడీ చెడే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ముందే కాపీ చేసుకోవడం మంచిది.

కూర్చున్న చోటి నుంచే చేయాలంటే, మన సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌ను నడిపే విండోస్ సదుపాయం రిమోట్ డెస్క్‌టాప్ ఉంది, కాకపోతే రైటర్ ఉన్న సిస్టమ్‌లో విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే బయటి కనెక్షన్ తీసుకోదు. ప్రో ఎడిషన్‌లో కూడా రైటింగ్ కుదరకపోతే ఆ సిస్టమ్‌లోని గ్రూప్ పాలసీలో (విండోస్ నియమాలు మార్చే చోటు) రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ కింద, రిమోట్ సెషన్లలో డైరెక్ట్ యాక్సెస్‌కు అనుమతిచ్చే సెట్టింగ్ ఆన్ చేసి, సిస్టమ్ రీస్టార్ట్ చేయాలి. నన్ను ఎక్కువగా సతాయించింది ఇదే.

సర్వీసుకు వచ్చేవాళ్లకు ఒక్క మనవి. డ్రైవ్ విప్పే ముందు అదే సిస్టమ్‌లో ఒక ఖాళీ సీడీ రైట్ చేసి చూడండి. అక్కడ రైట్ అయితే డ్రైవ్ బాగున్నట్టే. మీ కంప్యూటర్ శీర్షికలో ఈ సంగతి వేస్తే నాలాంటి చిన్న షాపుల వాళ్లకు ఉపయోగపడుతుంది.

- ఒక పాఠకుడు, నారాయణగూడ, హైదరాబాద్